పదిహేనో ప్రశ్న

ఆహార భద్రత కార్యాలయం నుంచి ప్రశ్నల ఉత్తరం వచ్చిన రోజు మా వదిన రెండుసార్లు టీ పెట్టి రెండుసార్లూ పొంగించింది. మామూలుగా అయితే నేనొక మాట అనేదాన్ని. ఆడపడుచుకి ఆ మాత్రం హక్కు ఉంటుంది. ఆ రోజు మాత్రం కిక్కురుమనకుండా స్టవ్ తుడిచాను. వదినకి ఉత్తరం వచ్చిందన్న కంగారు, నాకు అందులో ఏముందోనన్న భయం.

"పదిహేనే అడిగారు" అంది వదిన కాగితాలు తిప్పుతూ. "పోయినసారి నలభై రెండు. ఒడ్డున పడుతున్నామే."

మాది చిన్న ఎంజైము కర్మాగారం. ముందు రెండు గదుల ల్యాబ్, వెనక రేకుల షెడ్డులో పెద్ద స్టీలు ట్యాంకు, మేడ మీద ఇల్లు. తయారుచేసేది ఒకే ఒక్క సరుకు, పాలలో ఉండే చక్కెరను విడగొట్టే ఎంజైము. కొందరి పొట్టకి ఆ చక్కెర పడదు. నా మేనకోడలు చిన్నప్పుడు అరగ్లాసు పాలు తాగితే చాలు, కడుపు ఉబ్బిపోయి ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. అప్పట్లో వదిన ఒక పెద్ద సంస్థలో సూక్ష్మజీవుల మీద పనిచేసేది. పిల్ల ఏడుపు వినలేక, చల్లటి నీళ్ళలో బతికే ఒక బాక్టీరియా నుంచి జన్యువు తీసి ఈస్టులో పెట్టింది. బజారులో దొరికే అలాంటి ఎంజైములకి కాస్త వెచ్చదనం కావాలి. మా ఈస్టు చేసేది ఫ్రిజ్ చలిలో కూడా చురుగ్గా పనిచేస్తుంది. ఉద్యోగం మానేసి వదిన, అన్నయ్య ఈ షెడ్డు పెట్టారు. ట్యాంకు పని అన్నయ్యది, ఫైలు పని వదినది, పరీక్షల పని నాది. పిల్లకి ఇప్పుడు పన్నెండేళ్ళు. "అత్తా, నా పాలు ఎప్పుడు పాసవుతాయి?" అని నన్ను ఆటపట్టిస్తుంటుంది.

పాసవడం అంటే మాటలు కాదు. ఆ జన్యువు ఎక్కడిది, ఎంజైము ఎలర్జీ తెప్పించే పదార్థాలను పోలి ఉందా, తొంభై రోజులు తిన్న ఎలుకలకి ఏమైంది, పాలు బాగా తాగే పిల్లల ఒంట్లోకి రోజుకి ఎంత పోతుంది అని ఒక్కొక్కటే అడుగుతారు. వాటన్నిటితో పాటు ఇంకొకటి అడుగుతారు. జన్యువు మార్చిన ఈస్టు ట్యాంకులోనే ఉండిపోవాలి, వడకట్టిన ఎంజైముతో కలిసి బయటికి రాకూడదు. రావడం లేదని మీకెలా తెలుసు?

దానికి జవాబు చెప్పేది నేను. ప్రతి బ్యాచ్ నుంచీ కొంత ద్రవం తీసి, మేత కలిపిన జెల్లీ ప్లేట్లలో పోసి, వెచ్చటి అలమరలో మూడు రోజులు ఉంచుతాను. బతికున్న ఈస్టు కణం ఒక్కటి ఉన్నా అది పెరిగి కంటికి కనిపించే తెల్లటి చుక్క అవుతుంది. బ్యాచ్‌కి తొమ్మిది ప్లేట్లు. తొమ్మిదీ ఖాళీగా ఉంటే మంచిదే. అయితే ఖాళీ ప్లేటును ఊరికే నమ్మకూడదు. అందుకని పదో ప్లేటులో అదే ద్రవంతో పాటు నేనే కావాలని కొన్ని ఈస్టు కణాలు కలుపుతాను. దానిలో చుక్కలు వచ్చి తీరాలి. దాన్ని కంట్రోల్ ప్లేటు అంటాం. దొంగ రాలేదని చెప్పే ముందు కాపలా కుక్క మెలకువగానే ఉందా అని చూసుకోవడం లాంటిదని వదిన పిల్లకి చెప్పింది. చుక్కల మొదటి లెక్క నాది. వదిన మళ్ళీ తనంతట తాను లెక్కపెట్టి రెండో సంతకం పెడుతుంది. ఫైలుకి మూడు బ్యాచ్‌లు కావాలి.

వదిన ఉత్తరం చదువుతూ చివరికి వచ్చింది. "పదిహేనో ప్రశ్న నీది" అని పైకి చదివింది. "రెండో బ్యాచ్, మూడో బ్యాచ్ కంట్రోల్ ప్లేట్ల చిత్రాలు పోల్చి చూశాం. రెండింటిలోనూ పదకొండు చుక్కలున్నాయి. మూడో బ్యాచ్ చిత్రాన్ని పావు వంతు తిప్పితే పదకొండూ రెండో బ్యాచ్ చుక్కల స్థానాల్లోనే కనిపిస్తున్నాయి. ఒకే చిత్రం పొరపాటున రెండుసార్లు చేరి ఉండవచ్చు. సరైన చిత్రం పంపగలరు."

తుడిచిన స్టవ్‌నే మళ్ళీ తుడిచాను.

"చూడు, ఎంత ఓపికో ఈయనకి" అని వదిన నవ్వింది. "చుక్కలు కూడా తిప్పి తిప్పి చూశాడు."

"భూతద్దం" అంది అప్పుడే బడి నుంచి వచ్చిన మేనకోడలు, బూట్లు విప్పుకుంటూ. ఆ రోజు నుంచి ఆ కార్యాలయం పరిశీలకుడికి మా ఇంట్లో అదే పేరు.

"పొరపాటున ఒకటే ఫొటో రెండుసార్లు పెట్టేసినట్టున్నావు. అసలుది వెతికి ఇయ్యి, పంపించేద్దాం" అంది వదిన. ఆ మాటలో అనుమానం ఆవగింజంత కూడా లేదు. ఉంటే బాగుండేదేమో, పోట్లాడి బయటపడేదాన్ని. సరేనని నీళ్ళు నమిలి కిందికి దిగి వచ్చేశాను.

అసలు ఫొటోలో చుక్కలు లేవు. పదహారు నెలల కిందట మూడో బ్యాచ్ పరీక్ష చేసినప్పుడు అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. వదిన అక్కడే మంచం పక్కన ఉండేది. నేను పొద్దున ఆసుపత్రికి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి ల్యాబ్ చూసుకునేదాన్ని. ప్లేట్లు పోసిన రోజున డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచి, ఇక వారమో పది రోజులో అన్నాడు. అది విని నేరుగా వచ్చి ద్రవం కొలిచే పిపెట్ పట్టుకున్నాను. మూడు రోజుల తర్వాత చూస్తే తొమ్మిది ప్లేట్లూ ఖాళీ. పదోదీ ఖాళీ.

ఈస్టు కలపడం మర్చిపోయాననుకున్నాను. అంతకన్నా ఇంకేం అనుకుంటాను, ఆ రోజు నా పేరు నాకే గుర్తు లేదు. పుస్తకంలో "కలిపాను" అని టిక్కు పెట్టి ఉంది గానీ, ఆ టిక్కును నేనే నమ్మలేదు. మళ్ళీ మొదలుపెడదామా అనుకుంటుండగా వదిన ఫోన్ చేసింది. "మూడోది వచ్చిందా? మీ అన్నయ్య అడుగుతున్నారు" అంది. ఫోన్ స్పీకర్లో పెట్టినట్టుంది, అన్నయ్య ఊపిరి వినిపిస్తోంది. వచ్చిందన్నాను. "మూడూ పాసేనా అయితే" అన్నాడు అన్నయ్య. ఆ గొంతులో అంత ఉత్సాహం విని నెల దాటింది. "పాసే" అన్నాను.

అన్నాక ఇక వెనక్కి ఎలా వస్తాను? ఫ్రిజ్‌లో రెండో బ్యాచ్ కంట్రోల్ ప్లేటు ఉంది. దాన్ని పావు వంతు తిప్పి, పక్కన మూడో బ్యాచ్ చీటీ పెట్టి ఫొటో తీశాను. తిప్పానంటే చూడండి, అబద్ధానికి తెలివి కూడా తోడైంది. మర్నాడు వదిన ఆసుపత్రి వరండాలో నిలబడే రెండో సంతకం పెట్టింది. నాలుగో రోజున అన్నయ్య పోయాడు.

ఇప్పుడు ఈ భూతద్దం పెద్దమనిషి ఉత్తరంలోనే దారి చూపించాడు. పొరపాటు అని తనే అన్నాడు. కొత్త ప్లేటులో ఈస్టు వేసి, చుక్కలు రాగానే ఫొటో తీసి పంపితే గొడవ వదిలిపోతుంది. వదినకి తెలియదు, ఎవరికీ తెలియదు. చెబితే ఐదేళ్ళ ఫైలు బుట్టదాఖలవుతుందేమో. దానికన్నా నాకు ఎక్కువ భయం వేసింది వదిన ముఖం తలుచుకుని. పెళ్ళీ పెటాకులూ లేని మనిషిని, నాకున్నది ఈ మేడా, ఈ ఇద్దరూ. అన్నయ్య పోయాక "నువ్వుండగా నాకేమిటే" అని ఆవిడ అన్న మాట మీదే నేను నిలబడి ఉన్నాను.

ప్లేటు వేశాను. సిగ్గు లేకుండా వేశాను. మూడు రోజులకి చక్కగా పదమూడు చుక్కలు వచ్చాయి. కెమెరా స్టాండు బిగించి, ప్లేటు పెట్టి, పక్కన పెట్టాల్సిన చీటీ తీసుకున్నాను. చీటీ మీద బ్యాచ్ అంకె రాశాను. తర్వాత తేదీ రాయాలి. ఆ పాత తేదీ.

పెన్ను ఆగిపోయింది. అది డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచిన తేదీ. ఏడాది తిరిగి కేలండర్‌లో ఆ రోజు వచ్చినప్పుడు వదినా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరిగాం. దాన్ని ఇప్పుడు దొంగ చీటీ మీద నా చేత్తో రాయబోతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. చీటీ చింపేసి పక్క గదిలోకి వెళ్ళాను.

వదిన పద్నాలుగో ప్రశ్నకి జవాబు టైపు చేస్తోంది.

"వదినా, మూడో బ్యాచ్ కంట్రోల్ ఫొటో లేదు."

"లేకపోవడమేమిటి? కెమెరా కార్డులో చూడు."

"ఆ ప్లేటులో చుక్కలు రాలేదు. ఈస్టు కలపడం మర్చిపోయాను. రెండోదాన్నే తిప్పి తీశాను. మీకు పాసయిందని చెప్పేశాక తీశాను."

వదిన టైపు చేయడం ఆపింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే పడదామనే వచ్చాను.

"మీ అన్నయ్య అడిగినప్పుడా?" అంది చివరికి.

"ఊఁ."

లేచి, ల్యాబ్ కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మేడ మీదికి వెళ్ళిపోయింది.

తర్వాత రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా పిల్లతో చెప్పించేది. "మీ అత్తని అన్నానికి రమ్మను" అనేది, నేను అదే బల్ల దగ్గర కూర్చుని ఉండగానే. "అత్తా, అమ్మ రమ్మంటోంది. వచ్చేశావా? అమ్మా, వచ్చేసింది" అనేది ఆ గడుగ్గాయి. ఎవరమూ నవ్వకపోయేసరికి తనే తలవంచుకుని తినేది. ముక్కు మీద కోపం ఉండే మనిషిని నేను. అయినా నోరెత్తే ముఖం లేక కుక్కిన పేనులా పడి ఉన్నాను.

మూడో రోజు పొద్దున వదిన శీతల గది తాళం తీసింది. ప్రతి బ్యాచ్ నుంచీ కొన్ని సీసాలు దాచి ఉంచడం మా పద్ధతి. మూడో బ్యాచ్ సీసా తెచ్చి, నన్ను దగ్గరికి రానివ్వకుండా, అచ్చం నేను చేసే పద్ధతిలోనే పది ప్లేట్లు పోసింది. పదోదానిలో ఈస్టు కలుపుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు పైకే అంది, "కలిపాను." మళ్ళీ మూడు రోజులు ఎవరి పని వాళ్ళం చేసుకున్నాం. గుమ్మం దగ్గర ఎదురైతే ఆవిడ పక్కకి తప్పుకునేది, నేనూ తప్పుకునేదాన్ని, ఇద్దరం ఒకే పక్కకి తప్పుకుని ఇంకా ఇబ్బంది పడేవాళ్ళం.

"ఆడపడుచు గారూ, ఒకసారి ఇలా దయచేయండి" అని ల్యాబ్‌లోంచి పిలుపు వచ్చింది. గారూ అంటే కోపం ఇంకా దిగలేదన్నమాట. వెళ్ళాను. అలమర తలుపు తీసి ఉంది. పదో ప్లేటు వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉంది వదిన. దానిలో ఏమీ లేదు.

"నేను కలిపాను" అంది. "మనసు పెట్టి, కళ్ళు పెట్టి, నా చేత్తో కలిపాను. నాకూ రాలేదు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పిచ్చిదానా, నువ్వు మర్చిపోలేదే. ఆ రోజు కూడా కలిపావు. నీ టిక్కు నిజమే."

పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. పదహారు నెలలుగా, అన్నయ్య పోయే వారంలో నా చేతులు నాకు కాకుండా పోయాయనే అనుకుంటున్నాను. అవి సరిగ్గానే పనిచేశాయి. పరీక్షే గుడ్డిది. చేయని తప్పు కప్పిపుచ్చడానికి నేను అసలైన తప్పు చేశాను. ఆ ఖాళీ ప్లేటు ఒక మాట చెప్పబోయింది, నేను దాని నోరు నొక్కేశాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. వదిన ఆపలేదు గానీ, చేతులు తుడుచుకునే కాగితాల చుట్ట నా వైపు తోసింది.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎంజైము పాడవకుండా ఒక ఉప్పు కలుపుతాం. మూడో బ్యాచ్ నుంచి దాని మోతాదు పెంచాం. ఆ ఉప్పు ఈస్టును చంపేయదు, సొమ్మసిల్లేలా చేస్తుంది. సొమ్మసిల్లిన కణం మూడు రోజుల్లో చుక్క కాలేదు. అది బతికే ఉంటుంది, మా ప్లేటుకి మాత్రం కనబడదు. వదిన పద్ధతి మార్చింది. ద్రవాన్ని సన్నటి పొర మీద వడగట్టి, ఉప్పంతా కడిగేసి, ఒక రోజు మేత నీళ్ళలో తేరుకోనిచ్చి, ఆ తర్వాత ప్లేట్లలో వేసింది. ఈసారి నన్ను పక్కన నిలబెట్టుకుంది.

కంట్రోల్ ప్లేటులో చుక్కలు వచ్చాయి. మిగతా తొమ్మిదిలో ఎనిమిది ఖాళీ. తొమ్మిదోదానిలో, అంచుకి దగ్గరగా, ఒక చుక్క ఉంది.

గాలిలోంచి పడిందేమో, వేరే ఈస్టేమో అన్నాను. వదిన దాన్ని గీకి జన్యు పరీక్షకి పెట్టింది. మాదేనని తేలింది. షెడ్డులో ఫిల్టరు విప్పి చూస్తే రబ్బరు వాషర్ ఒక పక్క వెంట్రుకవాసి చీలి ఉంది.

"ఇది ఎవరి కడుపులోకి పోయినా ఏమీ కాకపోవచ్చు" అంది వదిన ఆ వాషర్ వేలికి తగిలించుకుని. "ఈస్టే కదా. కానీ లేదని రాశాం. లేదని రాసి సంతకం పెట్టాం."

"నేను పెట్టాను."

"మొదటిది నువ్వు పెట్టావు. రెండోది నేను, ప్లేటు చూడకుండా, వరండాలో నిలబడి. రెండో సంతకం ఉన్నదే నీ లెక్క మళ్ళీ చూడటానికి. నేను చూసి ఉంటే ఆ రోజే పట్టుకునేవాళ్ళం." వాషర్ తీసి బల్ల మీద పెట్టింది. "మీ అన్నయ్యకి చెప్పిన మాటకి నిన్ను ఏమీ అనను. ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు. నాకు చెప్పకపోయినందుకే నా బాధ. ప్లేటు ఖాళీగా వస్తే ఖాళీ ప్లేటే తెచ్చి నా ముందు పెట్టు. ఇంకెప్పుడూ ఒక్కదానివే మొయ్యకు."

పదిహేనో ప్రశ్నకి జవాబు నేనే రాస్తానన్నాను. నాలుగుసార్లు రాసి చింపాను. మొదటి మూడింటిలో ఆసుపత్రి గురించి ఉంది. వదిన చదివి, "ఇది మన గోడు, భూతద్దం అడిగింది ప్లేటు సంగతి" అంది. నాలుగోదానిలో అసలు జరిగింది రాశాను: చిత్రం పొరపాటున చేరలేదు, నేనే కావాలని పెట్టాను, రెండో సంతకం ప్లేటు చూడకుండా జరిగింది, మూడో బ్యాచ్‌లో మా ఈస్టు ఉంది. కింద ఇద్దరం సంతకాలు చేశాం. పోస్టు చేసి వచ్చాక నాకు జ్వరం తగిలింది. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "నా పాలు ఫెయిలయ్యాయా అత్తా?" అంది. "మళ్ళీ పరీక్ష రాస్తాయి" అన్నాను.

పన్నెండు రోజులకి ఆఫీసు ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"పదిహేనో జవాబు రాసింది మీరేనా అమ్మా?" నెమ్మదైన పెద్దవయసు గొంతు. భూతద్దం అంటే ఎముకలు కొరికే మనిషిని ఊహించుకున్నాను నేను.

"నేనేనండి."

"చదివాను. ఇలాంటి ప్రశ్న వేస్తే నాకు మామూలుగా ఇంకో ఫొటో వస్తుంది. అందులో చుక్కలు ముచ్చటగా ఉంటాయి. నమ్మాలో వద్దో తెలియక నేను ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తాను. వాళ్ళు నన్ను తిట్టుకుంటారు."

"మేమూ పేరు పెట్టామండి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆయన చిన్నగా నవ్వాడు. "మీ ఫైలును కొట్టేయడం లేదు, గడువు లెక్క ఆపుతున్నాం. ఫిల్టరు మార్చి, మూడు కొత్త బ్యాచ్‌లు చేసి, ఈ కొత్త పద్ధతిలో పరీక్షించి పంపండి. ఎలుకల పరీక్ష మళ్ళీ కావాలో వద్దో కమిటీ చెబుతుంది. పాసవుతుందని నేను మాట ఇవ్వలేను."

"అర్థమైందండి."

"ఇంకొకటి. ఆ రోజు వచ్చిన ఖాళీ ప్లేటుకి ఫొటో తీశారా?"

"తీశానండి. చెరపడానికి చెయ్యి రాలేదు."

"దాన్నీ ఫైల్లో పెట్టండి. మీ పరీక్షకి చూపు లేదని మొదట చెప్పింది అదే కదా."

పెట్టాను. చుక్కలున్న దొంగ ఫొటో స్థానంలో ఆ ఖాళీ ప్లేటు పెట్టి, కింద "సున్నా" అని రాశాను. తేదీ కూడా రాశాను. ఈసారి పెన్ను ఆగలేదు.

ఆ తర్వాత నెలలన్నీ పనిలోనే పోయాయి. ట్యాంకు తోముకున్నాం, ఒక ఫిల్టరు ఉన్న చోట రెండు పెట్టుకున్నాం. వదిన మళ్ళీ మామూలుగా మాట్లాడుతోంది, నా వంట మీద వంకలు పెడుతోంది, పోట్లాడుకుంటున్నాం. ఒక్కటి మాత్రం మారలేదు. కొత్త బ్యాచ్‌లు రెండింటికీ మొదటి లెక్క ఆవిడే పెట్టింది. అలమర తానే తెరిచి, తానే లెక్కపెట్టి, పుస్తకంలో తానే రాసి, రెండో లెక్కకి నాకు ఇచ్చేది. నేను అడగలేదు. అడిగే హక్కు ఎక్కడ పోగొట్టుకున్నానో నాకు తెలుసు. కానీ ప్రతిసారీ ఆ రెండో గడిలో సంతకం పెడుతుంటే లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది.

మూడో కొత్త బ్యాచ్ ప్లేట్లు తీయాల్సిన రోజు వచ్చింది. వదిన అలమర దగ్గరికి వెళ్ళి, పిడి మీద చెయ్యి వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టింది.

"మొదటి లెక్క నువ్వు చూడు" అంది, మామూలుగా, ఉప్పు అందించమన్నట్టు.

తలుపు తీశాను. ఒక్కొక్క ప్లేటే వెలుతురుకి ఎత్తి చూశాను. తొమ్మిదీ ఖాళీ. ఒక్కొక్కదాన్నీ రెండుసార్లు చూశాను. పదోది తీశాను. కళ్ళలో నీళ్ళు అడ్డొచ్చి మొదట చుక్కలు మసకగా కనిపించాయి. తుడుచుకుని, అంచు నుంచి మొదలుపెట్టి వేలితో చూపించుకుంటూ లెక్కపెట్టాను. పద్నాలుగు. పుస్తకంలో రాసి, మొదటి గడిలో సంతకం పెట్టాను.

వదిన నా అంకె కనబడకుండా పుస్తకం మూసింది. ప్లేటు అందుకుని, కిటికీ వైపు తిరిగి, అంచు నుంచి ఒక్కొక్క చుక్కే మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి, ఆవిడ లెక్క అయ్యేదాకా ఆగాను.